చెత్త చాలడం లేదు

జూన్ 2, ఆదివారం

ఈ రోజు చెత్త చదువుకు వెళ్లాను. నిజానికి పేరు ఇచ్చింది కార్తిక. మా అన్న కూతురు, నర్సింగు చదువుతోంది. తీరా చూస్తే ఆదివారాలన్నీ ఆసుపత్రి డ్యూటీ పడింది. "నా బదులు నువ్వు పో అత్తా. ఇంట్లో కుప్పెని ఎట్ట ఎరువు చేసేదో నేర్పిస్తారంట. నీకు ఆదివారం పనేముండాది" అంది. ఆ చివరి మాట కొంచెం గుచ్చుకుంది గాని వెళ్లాను. కుప్పె అంటే ఈ తమిళ ఊళ్లో చెత్త.

ముదలియార్‌పేట బస్టాపు వెనక బళ్లో తరగతి. పద్నాలుగు మంది ఆడవాళ్లం, ఇద్దరు మగవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకాయన మొదటి నుంచి చివరి దాకా నిద్రపోయాడు. పాఠం చెప్పేది రఘునాథన్ అనే ఆయన. బాహూరు వైపు రైతు కుటుంబం. పొలం తమ్ముళ్లు చూసుకుంటారట, ఈయన నైనార్‌మండపంలో విత్తనాలు, పూలతొట్లు, వేపపిండి అమ్మే అంగడి పెట్టుకున్నారు. యాభై ఉండవచ్చు. భార్య పోయి తొమ్మిదేళ్లయిందని పక్కన కూర్చున్నామె చెప్పింది. నేను అడగలేదు.

"ఒక ఇంట్లో దినానికి ఒకటిన్నర కిలో తడి కుప్పె వస్తాది" అన్నారు. "దాన్ని కవర్లో కట్టి వీధిలో పెట్టేదానికి మనకి ఒక్క నిమిషం. ఆ కవరు మటుకు మన మనవలకి మనవలు పుట్టినా అట్టే ఉంటాది."

నాకు పిల్లలే లేరు, మనవలకి మనవలు ఎక్కడి నుంచి వస్తారని నవ్వొచ్చింది. ఆయన చూశారు. చూసి ఆయన కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే.

ఇంటి నుంచి ఏ రోజు ఏం బయటికి పోతోందో రాసి తీసుకురమ్మన్నారు. అందుకే ఈ పుస్తకం. ఆఫీసులో పారేసిన పాత రిజిస్టర్ల ఖాళీ కాగితాలు కుట్టుకున్నాను. తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో అందరం మాట్లాడేది ఈ భాషే అయినా నాయన అక్షరాలు నేర్పింది నాకొక్కదానికే. వదిన తమిళ బళ్లో చదివింది. కార్తికకు ఈ అక్షరాలు మురుకుల్లా కనిపిస్తాయట. కాబట్టి దీనికి తాళం అక్కర్లేదు.

జూన్ 3

తడి చెత్త: కిలో మూడు వందల గ్రాములు. పొడి చెత్త: పాలకవర్లు మూడు, సాంబారు పార్సిలు కవర్లు రెండు, షాంపూ పొట్లం, అన్న వేసుకునే మాత్రల అట్ట.

జూన్ 4

తడి: కిలో నూరు గ్రాములు. పొడి: పాలకవర్లు మూడు.

పార్సిలుకు స్టీలు క్యారియరు తీసుకెళ్లాను. హోటలతను నన్ను పైనుంచి కిందికి చూసి, కవర్లో పట్టేదానికన్నా ఒక గరిటె ఎక్కువే పోశాడు.

జూన్ 9, ఆదివారం

డ్రమ్ము ఎలా తయారు చేయాలో నేర్పారు. ప్లాస్టిక్ డ్రమ్ముకు చుట్టూ రంధ్రాలు. అడుగున ఎండాకులు, పైన తడి చెత్త, మళ్లీ ఎండాకులు, మీద పుల్లమజ్జిగ చల్లాలి. తేమ ఎంత ఉండాలంటే, పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, చుక్క మాత్రం కారకూడదు. పిడికిలి బిగించి చూపించారు.

సందేహాలుంటే ఫోను చేయమని నంబరు బోర్డు మీద రాశారు. అందరికీ రాశారు, నాకొక్కదానికే కాదు.

మిద్దె మీద డ్రమ్ము పెట్టాను. అన్న తలకాయ పట్టుకున్నాడు. మా అన్న గుణశేఖరన్ అంటే వీధిలో మర్యాద గల మనిషి, మిల్లు మూసేసేదాకా పదిహేనేళ్లు అక్కడ ఫిట్టరు. "కరెంటాఫీసులో సీనియర్ క్లర్కువి. ఇదేంది ఈ వయసులో" అన్నాడు.

జూన్ 13

పురుగులు. తెల్లగా, లావుగా, వందల కొద్దీ. పొద్దున ఆరున్నరకు మూత తీసి చూసి గుండె ఆగినంత పనయింది. వెంటనే ఫోను చేశాను.

"సార్, డ్రమ్ములో పురుగులు కదల్తా ఉండాయి."

"మంచిది" అన్నారు.

"మంచిదా?"

"అవి తినే కొద్దీ మన పని తొందరగా అయిపోతాది. వాటిని ఏమీ చేయొద్దండి. ఎండాకులు రెండు పిడికిళ్లు వేయండి. కావాలంటే సాయంత్రం వచ్చి చూస్తా."

ఎండాకులు వేసే పని నాకు రాదా? వచ్చు. కాని అడిగిన మనిషిని వద్దనడం బాగుండదు. సాయంత్రం వచ్చారు, మూత తీశారు, పురుగుల్ని చూసి సంతోషించారు. వదిన కాఫీ ఇచ్చింది. పది నిమిషాలు ఉన్నారు. కాదు, పదిహేను.

జూన్ 18

ఒక చిక్కు వచ్చింది. మా ఇంట్లో చెత్త చాలడం లేదు.

నలుగురం మనుషులం. కార్తిక సగం రోజులు హాస్టల్లో తింటుంది. కిలో చెత్త పురుగులు ఒక్క పూటలో లాగించేస్తున్నాయి. ఇలా అయితే రెండో డ్రమ్ము ఎప్పటికి మొదలవుతుంది? రెండో డ్రమ్ముకు రంధ్రాలు ఎక్కడ పెట్టాలో చూపించడానికి వస్తానని ఆయన అన్నారు. భూమికి మేలు చేయాలని మొదలుపెట్టి ఒక డ్రమ్ముతో ఆగిపోవడం సరి కాదు.

జూన్ 20

అరటిపండ్లు రెండు డజన్లు తెచ్చాను. అందరూ తినాలి, ఒంటికి మంచిది.

జూన్ 22

అన్నకు కడుపు బాగాలేదు. అరటిపండు పేరెత్తితే లేచిపోతున్నాడు.

ఆఫీసు నుంచి వస్తూ మలుపులో చెరకు జ్యూసు బండి దగ్గర ఆగాను. పిప్పి, నిమ్మతొక్కలు గోనెసంచీ నిండా ఇచ్చాడు. పక్కనున్న పండ్లంగడిలో పనస తొక్కలు దొరికాయి. సంచీ నెత్తిన పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. రెండో డ్రమ్ము ఒక్క రోజులో నిండింది. మిద్దె మీద ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. పనస తొక్కలు ఇంత బాగుంటాయని ఎవరికి తెలుసు, ఆ వాసన, ఆ పసుపు.

జూన్ 23, ఆదివారం

అందరి లెక్కలు చూశారు. నాది చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"వారానికి ముప్ఫై ఎనిమిది కిలోలా? నలుగురికి ఇంత కుప్పె ఎట్టా వస్తా ఉండాది మేడం?"

"మా ఇంట్లో అందరూ బాగా తింటారు సార్."

తరగతిలో చాలామంది నవ్వారు. ఆయన నవ్వలేదు. పుస్తకం నా చేతికిస్తూ, "సరి, బుధవారం వచ్చి చూస్తా" అన్నారు.

తక్కువ చెత్త పుట్టించిన వాళ్లకు చప్పట్లు కొట్టించారు. నాకు ఎవరూ కొట్టలేదు. అయినా ఇంటికి నడిచి కాదు, ఎగిరి వచ్చినట్టుంది.

జూన్ 26, బుధవారం

వచ్చారు. ఇది ఐదోసారి. ఇరవై ఐదు నిమిషాలు.

జూన్ 27

ఈ ఏడాది కొత్త చీర కొనకూడదని మొదటి వారమే ఒట్టు పెట్టుకున్నాను. ఒక చీర వెనక ఎన్ని వందల బిందెల నీళ్లు ఖర్చవుతాయో పాఠంలో చెప్పారు. ఈ రోజు కొన్నది చేనేత. చేనేత కొంటే నేతవాళ్లకు మేలు, కాబట్టి ఇది ఆ ఒట్టు కిందికి రాదు. మామిడిపిందె రంగు, సన్నటి ఎర్రంచు.

వదిన చీర మడత విప్పి చూసి, "ఎవరి పెళ్లికి?" అంది.

జూన్ 30, ఆదివారం

చేపల వ్యర్థంతో మొక్కలకు పోసే మందు ఎలా చేయాలో చెప్పారు. అంతా రాసుకున్నాను: చేపల తలకాయలు, పేగులు కిలో. బెల్లం కిలో. మూత ఉన్న డబ్బా. నలభై రోజులు. తర్వాత ఒక చెంచా బిందెడు నీళ్లలో కలిపి పోస్తే మల్లెచెట్టు విరగబూస్తుంది. మధ్యలో మూత గురించి ఏదో చెప్పారు. అప్పుడే కిటికీ నుంచి ఎండ ఆయన చేతుల మీద పడింది. గోళ్ల అంచున మట్టి. ఎంత కడిగినా పోని మట్టి అది, రైతుల చేతులకు ఉంటుంది.

మామిడిపిందె చీర బాగుందని పక్కనామె అంది. ఇంకెవరూ ఏమీ అనలేదు.

జూలై 1

ఆఫీసుకు గంట పర్మిషను పెట్టి కురుచికుప్పం వెళ్లాను. పడవలు వచ్చి చేపలు దించే వేళ. పట్టమ్మాళ్ అనే ఆమె చేపలు కోస్తూ కూర్చుంది. తలకాయలు, పేగులు కావాలంటే కత్తి ఆపి చూసింది.

"పిల్లి పెంచతా ఉండావా తల్లీ?"

"మల్లెచెట్టుకి."

"మల్లెచెట్టు పేరు చెప్పి ఇంకొకాయన కూడా నెలకొక తూరి వస్తాడు. బాహూరాయన. తెల్ల చొక్కా. మంచి మనిషి, బేరమాడడు. భార్య పోయినప్పుడు ఆర్నెల్లు ఇట్ట రాలేదు."

ఆయనెవరో నాకు తెలియదన్నాను. ఎందుకన్నానో తెలియదు.

స్టీలు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు రెండుసార్లు ముక్కు ఎగరేసి చూశాడు. నేను కిటికీ వైపు తిరిగి సముద్రం చూస్తున్నట్టు కూర్చున్నాను. ఆ రోడ్డు మీద సముద్రం లేదు.

ఐదు లీటర్ల డబ్బా నిండా కలిపి, మూత బిగించి, దాని మీద ఇటుక పెట్టి, మిద్దె మీద ఎండ తగిలే మూల ఉంచాను.

జూలై 8

తడి చెత్త ఎంతో తూచలేదు. ఆయన ఫోను చేశారు. డ్రమ్ము ఎట్టా ఉండాదని అడిగారు. డ్రమ్ము గురించే మాట్లాడాం. నలభై నిమిషాలు.

జూలై 13, శనివారం

జరిగినదంతా వరసగా రాస్తాను.

మధ్యాహ్నం రెండు గంటలు. అన్నం తింటున్నాం. మిద్దె మీద టపాకాయ పేలినట్టు చప్పుడయింది. ఇటుక దొర్లిన చప్పుడు. తర్వాత పక్క మిద్దె మీద నుంచి ఒక కేక.

పక్కింటి చెల్లప్పన్ మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు, మా వీధి సంఘం అధ్యక్షుడు. రేపు ఆయన మనవరాలి చెవులు కుట్టే పండగ. అందుకని పట్టు అంచు పంచెలు నాలుగు, జుబ్బాలు మూడు, గంజి పెట్టి మిద్దె మీద ఆరేసుకున్నారు. పన్నెండు రోజులు ఎండలో మాగిన చేపల మందు మూత ఎగరగొట్టుకుని, గోడ దాటి, వాటన్నిటి మీదా పడింది. ఒక పేగు ముక్క ఆయన భుజం మీద కూడా పడింది.

ఆ వాసన ఎలా చెప్పను. చెప్పనక్కర్లేదు, ఇంకా ఉంది.

నేను గోడ దగ్గర నిలబడి, "మాస్టారూ, అన్నీ ఉతికి ఇస్తాను" అన్నాను.

ఆయన భుజం మీది ముక్కను రెండు వేళ్లతో తీసి చూశారు. "సుగంధీ, నీకీ పేరు పెట్టిందెవరమ్మా?" అన్నారు. తిట్టినా బాధపడేదాన్ని కాదు.

కుంకుడుకాయలు, నిమ్మకాయలు, ముల్తానీ మట్టి. ఐదు సార్లు ఉతికాను. వదిన పక్కన కూర్చుని నీళ్లు పోస్తూ, ఒకసారి నా ముఖం చూసి ఆపుకోలేక నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను కూడా అనుకుంటాను, నిమ్మరసం కళ్లలో పడింది.

జూలై 14, ఆదివారం

తరగతికి వెళ్లలేదు.

పంచెలు తెల్లగానే వచ్చాయి. వాసన కూడా పోయిందనే అనుకున్నాం. మాస్టారు మండపానికి వెళ్లే దారిలో మూడు పిల్లులు వెంటబడ్డాయట. మండపంలో ఇంకో రెండు చేరాయట. పీటల మీద కూర్చుంటే ఒకటి వచ్చి ఒళ్లో ఎక్కిందట. కార్తిక చెప్తూ నేల మీద కూలబడిపోయింది. అన్న మాత్రం నవ్వలేదు. "మంగళవారం సాయంత్రం సంఘం కూడతా ఉండాది. ఆడి నెల పుట్టేలోపల తేల్చేయాలంట" అన్నాడు.

జూలై 16, మంగళవారం

చెల్లప్పన్ మాస్టారి ఇంటి ముందు కుర్చీలు వేశారు. వీధంతా వచ్చింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టలేదు, అదొక్కటే తక్కువ.

పురుగుల గురించి ఒకరు, ఈగల గురించి ఒకరు, జ్యూసు బండి నుంచి సంచీలు మోసుకొచ్చే నా గురించి ఇంకొకరు మాట్లాడారు. మాస్టారు అందర్నీ ఆపి మర్యాదగానే చెప్పారు. "ఎరువు చేసేది మంచి పనే. కాదన్లేదు. అయితే దానికొక పద్ధతి ఉండాల. తెలియని పని నెత్తినేసుకుంటే వీధికంతా నాత్తం, ఒకటే కంపు."

అప్పుడు వీధి చివర మోపెడ్ ఆగింది. రఘునాథన్ గారు. కార్తిక ఫోను చేసి చెప్పిందని తర్వాత తెలిసింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి అందరికీ దణ్ణం పెట్టారు.

"తప్పు ఈమెది కాదండీ, నాది" అన్నారు. "ఆ మందు మాగేటప్పుడు లోపల గాలి పుడతాది. రోజూ ఒక తూరి మూత వదులు చేసి ఆ గాలి పోనీయాల. నేను పాఠంలో ఆ మాట చెప్పేది మరిచిపోయినాను. నన్ను క్షమించాల. మాస్టారి బట్టలు నేను కొనిస్తాను."

అందరూ మెత్తబడ్డారు. మాస్టారు కూడా, "అట్టయితే సరిలే, మరిచిపోయేది అందరికీ ఉండేదే" అన్నారు. అన్న ఊపిరి వదిలాడు. నేను నోరు మూసుకుని ఉంటే అంతటితో అయిపోయేది.

కాని ఆయన చెప్పారు. జూన్ ముప్ఫైన చెప్పారు, మూత గురించి. తరగతిలో అందరూ రాసుకున్నారు. పదేళ్లుగా పాఠం చెప్పే మనిషి మా వీధి మధ్యలో తలవంచుకుని, చెప్పడం మరిచిపోయానని నా కోసం అబద్ధం ఆడుతున్నారు. నా కాళ్లు నన్నడగకుండానే లేచాయి.

"లేదండీ, ఆయన చెప్పినాడు. అందరికీ చెప్పినాడు. నేనే వినలేదు."

"ఎందుకు వినలేదు?" అన్నారు మాస్టారు. ముప్ఫై ఐదేళ్లు పిల్లల్ని అడిగిన ప్రశ్న కదా, అలవాటుగా వచ్చింది. "పాఠం చెప్తా ఉంటే నువ్వేం చేస్తా ఉండావు?"

నేల చూశాను. తర్వాత, ఎందుకు చూశానో, రఘునాథన్ గారి చేతుల వైపు చూశాను.

అప్పుడు మా వదిన శివగామి, ఎప్పుడూ పదిమందిలో గొంతెత్తని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. దాంతో వరసగా ఆడవాళ్లందరూ. మాస్టారి భార్య కూడా. రఘునాథన్ గారి చెవులు ఎర్రబడ్డాయి. హెల్మెట్ తలకు పెట్టుకున్నారు, బండి దగ్గరికి ఇంకా ఇరవై అడుగులు ఉండగానే.

తీర్పు: డ్రమ్ములు రెండు వారాల్లో తీసేయాలి. నేను సరే అన్నానట. నాకు గుర్తులేదు.

జూలై 17

అన్న మాట్లాడటం లేదు. ఈ రోజు నుంచి ఆడి మాసం, మన ఆషాఢం లాంటిది. శుభకార్యాల మాట ఎవరూ ఎత్తరు. నేను మాత్రం ఏ శుభకార్యం గురించీ ఆలోచించడం లేదు.

జూలై 18

ఆలోచించడం లేదు.

జూలై 20

ఆయన దగ్గర నుంచి ఫోను లేదు. నేను చేయలేదు. డ్రమ్ముల దగ్గర కూర్చుంటే బాగుంటుంది. మొదటి డ్రమ్ములో ఇప్పుడు తొక్కలు కనిపించడం లేదు. నల్లగా, పొడిపొడిగా, తొలివాన పడ్డ నేల వాసన. ఇదంతా మా ఇంటి కాఫీపొడి, అరటి తొక్కలు, మునక్కాయ పిప్పి అంటే నమ్మబుద్ధి కాదు.

జూలై 24, బుధవారం

డ్రమ్ములు తన అంగడి వెనక పెరట్లో పెట్టుకోవచ్చని కార్తికతో కబురు చేశారు. ట్రాలీ ఆటోలో నేనే తీసుకెళ్లాను. ఆఫీసుకు సెలవు పెట్టాను. చీర మామిడిపిందె రంగుదే, చేతికి అదే అందింది.

పెరట్లో జల్లెడ పట్టాం. ఆయన ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని ఊపుతుంటే ఎరువు సన్నగా రాలింది. తర్వాత నేనే అడిగాను.

"అంతమంది ముందర అబద్ధం ఎందుకు చెప్పినారు?"

"మీరు నిజం ఎందుకు చెప్పినారు?"

జల్లెడ ఆగింది.

"ఇంకొక నిజం కూడా ఉండాది" అన్నాను. "ముప్ఫై ఎనిమిది కిలోలు మా ఇంటివి కావు. చెరకు జ్యూసు బండి నుంచి తెచ్చినాను."

"తెలుసు. బండాయన నాతోపాటు బాహూరు బళ్లో చదివినవాడు. మొదటి దినమే చెప్పినాడు, ఒక మేడం నా పిప్పంతా మోసుకుపోతా ఉండాదని."

"తెలిసీ అడగలేదే?"

"అడిగితే మానేస్తారు గదా" అన్నారు. తర్వాత జల్లెడ వైపే చూస్తూ, "నేను కూడా ఒకటి చెప్పాల. తరగతిలో పదహారు మంది ఉండారు. డ్రమ్ము చూసేదానికి ఎవరింటికైనా ఒక తూరి పోతాను. మీ ఇంటికి ఐదు తూర్లు వచ్చినాను."

నాకు ఒళ్లంతా తేలిపోయింది. నలభై ఆరేళ్లు. చెత్త మధ్యలో, ముక్కు మీద మట్టితో. ఇప్పుడు అడగకపోతే ఎప్పటికీ అడగనని తెలిసి అడిగేశాను.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆయన జల్లెడ కింద పెట్టారు. చేతులు తుడుచుకున్నారు. మళ్లీ జల్లెడ పట్టుకున్నారు.

"ఆడి పోనీ" అన్నారు.

అంతే. అంతలో అంగడి ముందు ఎవరో తొట్టి కావాలని పిలిచారు.

జూలై 25

ఆడి పోనీ అంటే ఏమిటి? చూద్దాంలే అనా? మరిచిపొమ్మనా? మర్యాద గల మనుషులు కాదని చెప్పడానికి ఇలాగే అంటారు.

జూలై 26

కాదని చెప్పడానికే.

జూలై 27, శనివారం

వదినతో చెప్పేశాను. మునగాకు దూస్తూ కూర్చుంది. అంతా విని, నేను చివరికొచ్చి, "ఆడి పోనీ అన్నాడు వదినా" అనేసరికి, చేతిలో ఆకు నా మీద విసిరింది.

"పిచ్చిదానా, ఆడి పోనీ అంటే దాని తర్వాత నెల ఆవణిలో అని అర్థం. ఆడి నెల్లో ఏ మొగోడైనా పెళ్లి మాట చెప్తాడా?"

ఆ తర్వాత వదిన అన్న మాటలు రాసుకోవాలి. "ఇన్నేళ్లుగా నువ్వు ఈ ఇంట్లో ఒక్క దినం పాడింది నేను వినలేదు. ఈ రెండు నెలలుగా పనస తొక్కలు తరుగుతా పాడతా ఉండావు. నీకే తెలీదు. కింద నేనూ కార్తికా పొయ్యి ఆపేసి వింటా ఉండినాం."

నేను పాడానా?

జూలై 28, ఆదివారం

అన్న మిద్దె మీదికి వచ్చాడు. డ్రమ్ములు ఉండిన చోట రెండు గుండ్రటి మరకలు. వాటి పక్కన నిలబడ్డాడు.

"వదిన చెప్పింది" అన్నాడు.

నేను చీపురు తీసుకుని మరక మీద రుద్దాను.

"నేను నిన్ను సరిగ్గా చూసుకోలేదా సుగంధీ?"

"చూసుకున్నావు."

"లేదు. మిల్లు మూసిన సంవత్సరం నీకొక సంబంధం వచ్చింది. కొంచెం ఆగమన్నాను. ఇల్లు నడవాల గదా, అప్పుడు జీతం ఉండింది నీకొక్కదానికే. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేను మరిచిపోయినానని నువ్వు అనుకుని ఉంటావు. మరిచిపోలేదు. అడిగేదానికి మొగం లేక అడగలేదు."

ఆ తర్వాత కూడా పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఈ మాట ఇప్పుడు విన్నాను. కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. అన్న జుట్టు ఎంత నెరిసిందో అప్పుడే చూశాను.

"వాళ్లు భూములుండే వాళ్లు. మన మాదిరి జీతం ఇండ్లు వాళ్లకి కుదరతాదా?" అన్నాడు.

"ఆయన గోళ్లలో మన్ను ఉంటాది అన్నా" అన్నాను.

అదేం జవాబో నాకూ తెలియదు. అన్న మాత్రం తలూపి, "సరి, బాహూరు పోయి మాట్లాడి వస్తా. ఆడి పోనీ" అన్నాడు.

ఈసారి అర్థమైంది.

ఆగస్టు 4

ఇంకా పదమూడు రోజులు.

ఆగస్టు 5

పన్నెండు.

ఆగస్టు 17, శనివారం

ఆవణి ఒకటి. పొద్దున ఆరు గంటలకే మోపెడ్ చప్పుడు. ఆయనా, ఆయన తమ్ముడూ. తాంబూలం స్టీలు పళ్లెంలో, కవరు లేకుండా. తమ్ముడు నన్ను చూసి, "ముప్ఫై ఎనిమిది కిలోల వదిన మీరేనా?" అన్నాడు.

అన్న వాళ్లకు ఎదురు వెళ్లే హడావిడిలో చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆగస్టు 30, శుక్రవారం

పెళ్లయింది.

బాహూరు గుళ్లో, అరవై మంది. అరటాకుల్లో భోజనం, నీళ్లు స్టీలు గ్లాసుల్లో. గ్లాసులు కడగడానికి మనుషులు రాకపోతే కార్తిక, తన స్నేహితురాళ్లు నడుము బిగించారు. నేనూ లేవబోతే పెళ్లికూతురు కడక్కూడదని పీట మీద కూర్చోబెట్టారు. చెల్లప్పన్ మాస్టారు కొత్త పంచెలో వచ్చారు. అక్షింతలు వేస్తూ నా చెవిలో, "ఇప్పుడైనా పాఠం వింటావా?" అన్నారు. తాళి కట్టేటప్పుడు నేను నవ్వుతూ ఉన్నాను, అది ఫొటోలన్నిటిలోనూ పడింది. పళ్లు బయటికి పెట్టి, సిగ్గు లేకుండా.

తిన్న ఆకులన్నీ ఆయన తమ్ముడి పొలంలో గుంట తీసి కప్పించారు. కాళ్లకు పారాణితో నేను కూడా గుంట దగ్గరికి వెళ్లి చూసి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లకు అలవాటవుతోంది.

సెప్టెంబర్ 5

నైనార్‌మండపం. ఆయన గురించి రాయడానికి చాలా ఉంది. రాయను. అది నాది.

చెత్త మాత్రం రాస్తాను: ఇద్దరికి దినానికి ఎనిమిది వందల గ్రాములు. ఇప్పుడూ చాలడం లేదు. ఈసారి నిజంగా.

సెప్టెంబర్ 8, ఆదివారం

పొద్దున ఏడింటికి అంగడి తలుపు తీస్తుంటే అన్న స్కూటరు వచ్చి ఆగింది. పెళ్లయ్యాక ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. కాళ్ల మధ్య మూత పెట్టిన ఒక స్టీలు బకెట్టు.

"ఏందన్నా ఇది?"

అన్న ఇటూ అటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరని తేలాక బకెట్టు దించి మూత తీశాడు. పనస తొక్కలు, సొరకాయ చెక్కు, కాఫీపిప్పి. మూడు రోజులది ఉంటుంది.

"డ్రమ్ము లేదు గదా ఇప్పుడు. కవర్లో కట్టి వీధిలో పెట్టమంటే మీ వదినకి చెయ్యి రావడం లేదంట" అన్నాడు.

ఈయన లోపలి నుంచి వచ్చి, బకెట్టు రెండు చేతులా అందుకున్నారు. "రండి బావా, కాఫీ తాగి పోదురు" అన్నారు.

అన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గోడల వైపు, పెరటి వైపు, నా ముఖం వైపు ఒకసారి చూశాడు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఎవరూ అడగకపోయినా చెప్పాడు.

"చెల్లెలింటికి ఉత్త చేతులతో పోకూడదు గదా."